గ్యాస్ కంటే పీడనమే దూరం పోతుంది: భూగర్భ కార్బన్ నిల్వకు పీడన మోడల్ కట్టే పద్ధతి

నార్వే సముద్ర జలాల్లో రెండు చోట్ల కార్బన్ డయాక్సైడ్‌ను లోతైన ఉప్పునీటి పొరల్లోకి పంపారు. స్లైప్నర్ దగ్గర 1996లో మొదలైంది. ఏడాదికి 10 లక్షల టన్నులకు కాస్త అటూ ఇటూగా ఏళ్ల తరబడి పంపినా, అక్కడి ఉట్‌సిరా ఇసుకరాతిలో పీడనం చెప్పుకోదగ్గంత పెరగలేదు. స్నోవిట్ దగ్గర 2008లో మొదలైంది. మూడేళ్లకే టుబోయెన్ పొరలో పీడనం హద్దుకు దగ్గరపడింది. 2011లో ఆ పొరను వదిలేసి పైనున్న స్టో పొరకు మారాల్సి వచ్చింది. పంపిన మోతాదు రెండో చోట ఎక్కువేమీ కాదు. మొదటి చోట నీళ్లు పక్కకు జరగడానికి బోలెడంత చోటుంది, రెండో చోట లేదు. అంతే తేడా.

భూగర్భ నిల్వ అనగానే చాలామంది ఖాళీ గదిలో సామాను సర్దడాన్ని ఊహించుకుంటారు. నిజానికి అది కిక్కిరిసిన బస్సులోకి ఇంకొకరు ఎక్కడం లాంటిది. ఎక్కినవాడు ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడతాడు, తోపు మాత్రం చివరి సీటు దాకా పోతుంది. రాతి రంధ్రాలన్నిటిలో అప్పటికే ఉప్పునీళ్లున్నాయి. గ్యాస్‌కు చోటు కావాలంటే ఆ నీళ్లు అణగాలి, రాయి సాగాలి, లేదా నీళ్లు ఇంకెక్కడికైనా పోవాలి. ఈ మూడింటిలో ఏది ఎంత జరుగుతుందో లెక్క కట్టడమే పీడన మోడల్ పని.

మొదటి మెట్టు: ఏ పీడనం కావాలో తేల్చుకోండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే ఈ ప్రశ్న వేసుకోవాలి. బావి అడుగున పీడనం వేరు, మూతపొర (గ్యాస్ పైకి పోకుండా ఆపే రాతి పొర) కింద పీడనం వేరు, 10 కిలోమీటర్ల అవతల ఉన్న ఫాల్ట్ (రాతి పొరలు విరిగి జరిగిన చోటు) దగ్గర పీడనం వేరు, ఎప్పుడో తవ్వి వదిలేసిన బావి దగ్గర పీడనం ఇంకా వేరు. ఒక్కోదాన్ని ఒక్కో అంశం శాసిస్తుంది. బావి అడుగు పీడనం చుట్టుపక్కల కొన్ని వందల మీటర్ల రాతి చేతిలో ఉంటుంది. దూరంగా ఉన్న ఫాల్ట్ దగ్గర పీడనానికి గ్యాస్ గుణాలతో దాదాపు పనే లేదు, అక్కడ ఉప్పునీటి ప్రవాహం లెక్క సరిపోతుంది. ఒకే మోడల్‌తో అన్నిటికీ జవాబు రాబట్టాలని చూస్తే లెక్క కోసం రాతిని విడగొట్టే గళ్లు కోట్లకు చేరతాయి, జవాబు మాత్రం మెరుగుపడదు.

రెండో మెట్టు: అంకెలు సమకూర్చుకోండి

ఈ వ్యాసం మొత్తానికి ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుందాం. పొర లోతు 1500 మీటర్లు, మందం 100 మీటర్లు, రంధ్రాల వాటా 20 శాతం, పర్మియబిలిటీ (రాయి ద్రవాన్ని తనగుండా పారనిచ్చే గుణం) 100 మిల్లీడార్సీలు, అంటే దాదాపు 10⁻¹³ చదరపు మీటర్లు. ఉప్పునీటి చిక్కదనం 0.6 మిల్లీపాస్కల్ సెకన్. ఆ లోతులో మామూలుగా ఉండే వేడికి, పీడనానికి కార్బన్ డయాక్సైడ్ సూపర్ క్రిటికల్ స్థితిలో, అంటే ద్రవానికీ వాయువుకూ మధ్యస్థంగా ఉంటుంది (అందుకు 31 డిగ్రీల సెల్సియస్, 7.4 మెగాపాస్కల్ దాటితే చాలు). సాంద్రత ఘనపు మీటరుకు 650 కిలోలు, చిక్కదనం 0.055 మిల్లీపాస్కల్ సెకన్ అనుకుందాం. చూడండి, నీటి కంటే అది పదింతలకు పైగా పలచన.

అందరూ తేలిగ్గా తీసుకునే అంకె ఒకటుంది: కంప్రెసిబిలిటీ, అంటే పీడనానికి అణిగే గుణం. నీటికి 4×10⁻¹⁰, రాతి రంధ్రాలకు 5×10⁻¹⁰, మొత్తం పాస్కల్‌కు 9×10⁻¹⁰ అని తీసుకుంటున్నాను. నీటి విలువ పెద్దగా మారదు. రాతిది మాత్రం ల్యాబులో కొలవకపోతే రెండు మూడింతలు అటూ ఇటూ పోగలదు. చాలా మోడళ్లలో అది సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న అంకెగానే మిగిలిపోతుంది. నేనూ ఒకసారి అలాగే వదిలేసి, నాలుగు వారాల పని తిరిగి చేశాను.

పర్మియబిలిటీ విషయంలో ఒక హెచ్చరిక. చేతిలో పట్టేంత రాతి ముక్క మీద కొలిచింది కిలోమీటర్ల పొరకు చెల్లదు. మధ్యలో బంకమట్టి తెరలుంటాయి, పగుళ్లుంటాయి. బావిలో నీళ్లు పంపి, ఆపి, పీడనం ఎలా దిగిందో చూసే పరీక్ష చాలా పెద్ద ప్రాంతపు సగటునిస్తుంది. రెండూ ఉంటే పరీక్షనే నమ్మండి.

మూడో మెట్టు: కాగితం మీద లెక్క

దీన్ని దాటేసి నేరుగా సిమ్యులేటర్‌లోకి దూకేవాళ్లు ఎక్కువ. నా మటుకు ఇది అన్నిటికన్నా విలువైన గంట.

ఏడాదికి 10 లక్షల టన్నులు పంపుతాం. 650తో భాగిస్తే ఏడాదికి 15.4 లక్షల ఘనపు మీటర్లు, అంటే సెకనుకు 0.049 ఘనపు మీటర్లు. అంత నీటిని పక్కకు నెట్టాలన్నమాట.

పీడనం ఎంత వేగంగా పాకుతుందో చెప్పే సంఖ్య డిఫ్యూజివిటీ. పర్మియబిలిటీని రంధ్రాల వాటా, చిక్కదనం, కంప్రెసిబిలిటీల లబ్ధంతో భాగిస్తే వస్తుంది. మన ఉదాహరణలో సెకనుకు 0.93 చదరపు మీటర్లు. 30 ఏళ్లంటే 9.47×10⁸ సెకన్లు. 2.25 × డిఫ్యూజివిటీ × కాలం, దీనికి వర్గమూలం తీస్తే పీడనం ఎంత దూరం పాకిందో ఇంచుమించుగా తెలుస్తుంది: 44 కిలోమీటర్లు.

ఇప్పుడు గ్యాస్ ఎంత దూరం పోయిందో చూద్దాం. 30 ఏళ్లలో పంపింది 4.6 కోట్ల ఘనపు మీటర్లు. రంధ్రాల్లో సగం గ్యాస్‌తో నిండుతుందనుకుంటే 1.2 కిలోమీటర్ల వ్యాసార్థం ఉన్న స్తంభం అవుతుంది. తేలిక కాబట్టి మూతపొర కింద పరచుకుని రెండు మూడు కిలోమీటర్లు పోవచ్చు. గ్యాస్ 3 కిలోమీటర్లు, పీడనం 44 కిలోమీటర్లు! మోడల్ ఎంత వెడల్పుండాలో ఈ రెండో అంకే చెబుతుంది.

పీడనం ఎంత పెరుగుతుందో 1935లో థైస్ భూగర్భ జలాల కోసం ఇచ్చిన సూత్రంతో వస్తుంది. దాన్ని 1946లో కూపర్, జేకబ్ సులువు చేశారు. ప్రవాహాన్ని చిక్కదనంతో గుణించి, 4π × పర్మియబిలిటీ × మందంతో భాగించాలి. మనకు 0.233 మెగాపాస్కల్ వస్తుంది. దాన్ని మరో సంఖ్యకున్న సహజ సంవర్గమానంతో గుణించాలి. ఆ సంఖ్య ఏమిటంటే, 2.25 × డిఫ్యూజివిటీ × కాలాన్ని దూరపు వర్గంతో భాగించగా వచ్చేది. 30 ఏళ్ల చివర ఇలా వస్తుంది:

- 1 కిలోమీటరు దగ్గర 1.77 మెగాపాస్కల్
- 5 కిలోమీటర్ల దగ్గర 1.02
- 10 కిలోమీటర్ల దగ్గర 0.70
- 20 కిలోమీటర్ల దగ్గర 0.40 (ఇంత దూరంలో సులువు రూపం సరిపోదు, థైస్ అసలు సూత్రమే వాడాలి)

దూరం సగమైనప్పుడల్లా 0.32 కలుస్తుంది. సంవర్గమానం మహిమ అది: దగ్గర్లో విపరీతంగా ఏమీ పెరగదు, దూరంలో త్వరగా చావదు. మీకు 20 కిలోమీటర్ల అవతల మరొకరు ఇంతే గ్యాస్ పంపుతుంటే, వాళ్ల 0.40 మీ బావి మీద, మీ 0.40 వాళ్ల బావి మీద పడుతుంది. పీడనాలు కలుస్తాయి, లీజు గీతలు వాటికి తెలియవు.

పంపడం ఆపేశాక ఏమవుతుందో కూడా ఇదే సూత్రం చెబుతుంది. ఆపిన రోజు నుంచి అంతే ప్రవాహాన్ని తోడుతున్న ఊహా బావిని కలపండి. ఆపిన 30 ఏళ్లకు 5 కిలోమీటర్ల దగ్గర పెరుగుదల 1.02 నుంచి 0.16కు దిగుతుంది. దూరంగా 40 కిలోమీటర్ల దగ్గర మాత్రం ఆపిన తర్వాత కూడా కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటుంది. అందుకే మోడల్‌ను పంపడం ఆపిన రోజుతో ఆపకూడదు.

నాలుగో మెట్టు: సరిహద్దు

పై లెక్కలో పొరకు అంతు లేదనుకున్నాం. నిజమైన పొరలకు అంతుంటుంది. ఫాల్టులు అడ్డం రావచ్చు, ఇసుక సన్నబడి బంకమట్టిగా మారిపోవచ్చు.

మన పొర 20 కిలోమీటర్లకు 20 కిలోమీటర్ల మూసిన డబ్బా అనుకోండి. రంధ్రాల పరిమాణం 800 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని కంప్రెసిబిలిటీతో గుణిస్తే పాస్కల్‌కు 7.2 ఘనపు మీటర్లు. పంపింది 4.6 కోట్లు. భాగిస్తే సగటు పెరుగుదల 6.4 మెగాపాస్కల్.

ఇది ఎక్కువా తక్కువా? 1500 మీటర్ల దగ్గర మొదటి పీడనం 15.5 మెగాపాస్కల్ ఉంటుంది. రాయి పగిలే పీడనం కిలోమీటరుకు 16 చొప్పున 24. అమెరికా పర్యావరణ సంస్థ ఈ రకం బావులకు పెట్టిన నియమం ప్రకారం పగిలే పీడనంలో 90 శాతం దాటకూడదు, అంటే 21.6. మనకు మిగిలిన జాగా 6.1. డబ్బా సగటే దాన్ని దాటిపోయింది, బావి దగ్గరి అదనం ఇంకా కలపనేలేదు. మూసిన డబ్బాలో దక్కే చోటు, రంధ్రాల పరిమాణంలో 0.55 శాతమే.

ఇక్కడే కంప్రెసిబిలిటీ అసలు రంగు బయటపడుతుంది. దాన్ని సగానికి తగ్గించి చూడండి. అంతులేని పొరలో 5 కిలోమీటర్ల దగ్గర 0.16 మెగాపాస్కల్ మాత్రమే అదనంగా పెరుగుతుంది. మూసిన డబ్బాలో 6.4 కాస్తా 12.8 అవుతుంది. ఒకే అంకె, ఒకచోట పట్టించుకోనక్కర్లేదు, ఇంకోచోట ప్రాజెక్టునే ముంచేస్తుంది.

నిజం ఈ రెండు కొసల మధ్య ఉంటుంది. మూతపొర గ్యాస్‌ను ఆపుతుంది, నీటిని పూర్తిగా ఆపదు. పర్మియబిలిటీ 10⁻¹⁸ చదరపు మీటర్లు, మందం 100 మీటర్లు ఉన్న మూతపొర మీద 3 మెగాపాస్కల్ తేడా పడితే, సెకనుకు మీటరులో 2 వేల కోట్ల వంతు వేగంతో నీళ్లు ఊరతాయి. నవ్వొచ్చేంత చిన్న వేగం. కానీ 400 చదరపు కిలోమీటర్లతో గుణించండి: సెకనుకు 0.02 ఘనపు మీటర్లు, అంటే మనం పంపేదాంట్లో 40 శాతం! అడుగు పొర నుంచి పోయేది ఇంకా వేరు. కాబట్టి మూతపొరను నీరు చొరని గోడగా గీసేయకండి. దానికీ మోడల్‌లో గళ్లు కేటాయించండి, పలచగా చాలా పొరలుగా.

అయిదో మెట్టు: వదిలేసిన బావులు ఎంత దూరం వెతకాలి

ఇది చిన్న లెక్కే, ఫలితమే పెద్దది. 300 మీటర్ల లోతులో మంచినీళ్లున్నాయి. పాత బావిలోని నీటి సాంద్రత పైన 1000, కింద 1050. అడుగు ఉప్పునీళ్లు మంచినీటి దాకా ఎక్కాలంటే 1200 మీటర్ల ఎత్తున సగటున ఘనపు మీటరుకు 25 కిలోల అదనపు బరువు మోయాలి. అంటే 0.3 మెగాపాస్కల్. థైస్ లెక్కలో 30 ఏళ్లకు 0.3 మెగాపాస్కల్ పెరుగుదల 25 కిలోమీటర్ల దాకా ఉంది. దాదాపు 2000 చదరపు కిలోమీటర్లలో సరిగ్గా మూయని ప్రతి బావినీ వెతకాలన్నమాట, గ్యాస్ అక్కడికి ఎప్పటికీ రాకపోయినా సరే.

ఆరో మెట్టు: బావి చుట్టుపక్కల

థైస్ సూత్రాన్ని బావి గోడ దాకా (10 సెంటీమీటర్లు) లాగితే 6 మెగాపాస్కల్ వస్తుంది. అది తప్పు, ఎందుకంటే బావి చుట్టూ ఉన్నది నీరు కాదు, పలచని గ్యాస్. 1.2 కిలోమీటర్ల దాకా గ్యాస్ చిక్కదనంతో, నీరు కూడా కొంత చోటు పట్టడం వల్ల పర్మియబిలిటీలో 30 శాతమే గ్యాస్‌కు దక్కుతుందనుకుని లెక్కేస్తే 3 మెగాపాస్కల్ వస్తుంది. పంపడం మొదలుపెట్టిన తొలి రోజుల్లో గ్యాస్ ఇంకా నీటిని నెట్టుకుంటూ దారి చేసుకుంటుంటుంది కాబట్టి, బావి పీడనం ఒకసారి ఎగిసి తర్వాత కాస్త దిగడం మామూలే. తొలి వారం గ్రాఫు చూసి టెన్షన్ పడొద్దు.

గ్యాస్, నీరు కలిసి పారేటప్పుడు ఏది ఎంత పోతుందో చెప్పే రిలేటివ్ పర్మియబిలిటీ వక్రాలు ఇక్కడే అసలు ఆట ఆడతాయి. ఆ రాతి మీదే కొలిచినవి సంపాదించండి. ఇంకో సంగతి: పొడి గ్యాస్ బావి చుట్టూ నీటిని ఆవిరి చేసేస్తే ఉప్పు పేరుకుని దారి మూసుకుపోతుంది. స్నోవిట్‌లో మొదట్లో కనిపించిన పీడనం పెరుగుదలకు కారణం ఇదేనని భావిస్తారు.

ఏడో మెట్టు: సిమ్యులేటర్

ఇప్పుడు తెరవండి. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వారి టఫ్2, నార్వేలో సింటెఫ్ తయారుచేసిన ఎమ్‌ఆర్‌ఎస్‌టీ, అందరికీ ఉచితంగా దొరికే ఓపీఎమ్ ఫ్లో, డబ్బు పెడితే ఎక్లిప్స్, జెమ్ లాంటివి. ఏది వాడారన్నది పెద్ద విషయం కాదు.

బావి దగ్గర గళ్లు మీటరు స్థాయిలో మొదలుపెట్టి, దూరం పోయేకొద్దీ కిలోమీటర్లకు పెంచండి. మూతపొర కింద మొదటి కొన్ని వరుసలు మీటరు, రెండు మీటర్ల మందానికి మించకూడదు, లేకపోతే గ్యాస్ పలచగా పరచుకోవడం కనపడదు. మొత్తం వెడల్పు బావికి ప్రతి వైపూ కనీసం 100 కిలోమీటర్లు. అంత గీయలేకపోతే, అంచు గళ్లకు రంధ్రాల పరిమాణాన్ని వందల రెట్లు పెంచే పద్ధతి ఉంది. పొర అంతదాకా నిజంగా సాగిందని భూగర్భ శాస్త్రవేత్త చెబితేనే ఆ పని చేయండి. అంచున పీడనాన్ని స్థిరంగా కట్టేయడం మాత్రం వద్దు. అది కనపడని కాలువ తవ్వి నీళ్లు బయటికి వదిలేసినట్టే, జవాబు ఎప్పుడూ తియ్యగానే వస్తుంది.

గ్యాస్ పంపకుండా ముందు వందేళ్లు నడపండి. ఏ గడిలోనూ పీడనం కదలకూడదు. కదిలితే మొదటి స్థితి (లోతును బట్టి ఉప్పు, వేడి, పీడనం) తప్పు. ఆ తర్వాత గ్యాస్ బదులు అంతే పరిమాణం నీళ్లు పంపి, మూడో మెట్టులోని అంకెలతో పోల్చండి. 5, 10 కిలోమీటర్ల దగ్గర కొద్ది శాతం లోపల కలవాలి. కలిశాకే గ్యాస్ పంపండి.

ఎనిమిదో మెట్టు: రాతి స్ట్రెస్, ఫాల్టులు

రాయి పగలడం కంటే ముందు ఫాల్ట్ జారొచ్చు. మన లోతులో నిలువు స్ట్రెస్ (పైనున్న రాతి బరువు వల్ల పడే ఒత్తిడి) 34.5, అతి తక్కువ అడ్డ స్ట్రెస్ 24 మెగాపాస్కల్ అనుకుందాం. రెండింట్లోంచి నీటి పీడనం 15.5 తీసేస్తే 19, 8.5 మిగులుతాయి. నిష్పత్తి 2.2. రాపిడి గుణకం 0.6 అయితే నిష్పత్తి 3.1 దాటితే ఫాల్ట్ జారుతుంది. పీడనం 3.5 పెరిగితే చాలు, ఆ గీత దగ్గరికి వచ్చేస్తాం. పగలడానికి 6.1 జాగా ఉందని సంబరపడ్డాం, కానీ అసలు హద్దు 3.5!

ఇందులో ఇంకో మెలిక ఉంది. పీడనం పెరిగిన పొర పక్కలకు ఉబ్బాలని చూస్తుంది, చుట్టూ ఉన్న రాయి ఒప్పుకోదు, దాంతో అడ్డ స్ట్రెస్ కూడా పెరుగుతుంది. పాయిసాన్ నిష్పత్తి (ఒకవైపు నొక్కితే రాయి పక్కలకు ఎంత ఉబ్బుతుందో చెప్పే సంఖ్య) 0.25 అయితే పీడనం పెరుగుదలలో మూడింట రెండు వంతులు. 4 మెగాపాస్కల్ పెరిగినప్పుడు దీన్ని వదిలేసి లెక్కేస్తే నిష్పత్తి 3.3, ఫాల్ట్ జారుతుంది. కలుపుకుంటే 2.1, క్షేమం. అయితే ఈ ఊరట పొర లోపలి వరకే. కింద గట్టి రాతిలోకి దిగిన ఫాల్ట్ వెంట పీడనం మాత్రమే పాకితే, అక్కడ అడ్డ స్ట్రెస్ అంతగా పెరగదు. అమెరికాలోని డెకేటర్‌లో 2011 నుంచి 2014 దాకా 10 లక్షల టన్నులు పంపినప్పుడు వేల సంఖ్యలో నమోదైన అతి చిన్న ప్రకంపనల్లో చాలావరకు కింది గట్టి రాతిలోనివే. కాబట్టి మోడల్ అడుగు, పొర అడుగు దగ్గర ఆగకూడదు. అడ్డ స్ట్రెస్సే ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో పై ఊరట తలకిందులు కూడా కావచ్చు.

మొదటిసారికి పీడనాన్ని స్ట్రెస్ మోడల్‌కు అందించడం చాలు, తిరుగు ప్రభావం అక్కర్లేదు. పగుళ్లు తెరుచుకునే అవకాశం ఉంటేనే రెండు వైపులా కలపండి. అల్జీరియాలోని ఇన్ సలాలో 2004 నుంచి 2011 వరకు దాదాపు 38 లక్షల టన్నులు, 20 మీటర్ల మందమే ఉన్న బిగుతైన రాతిలోకి పంపారు. నేల ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు లేచింది, ఉపగ్రహాలు దాన్ని పట్టేశాయి. ఒక బావి మీద ఉబ్బు రెండు పాయలుగా కనిపించింది. పొర మామూలుగా ఉబ్బితే ఒకే గుట్ట రావాలి. రెండు పాయలంటే కింద నిట్టనిలువు పగుళ్ల పట్టీ తెరుచుకుందని అర్థం. 2011లో పంపడం ఆపేశారు.

తొమ్మిదో మెట్టు: ఒక్క జవాబు చెప్పకండి

పర్మియబిలిటీ × మందం, రాతి కంప్రెసిబిలిటీ, కలిసి ఉన్న పొర విస్తీర్ణం, మూతపొర పర్మియబిలిటీ. ఈ నాలుగింటినీ నమ్మదగ్గ హద్దుల్లో మార్చి కొన్ని వందల రన్‌లు తీయండి. సన్నటి గళ్ల మోడల్ ఒక్కసారి నడపడం కంటే, మోటు మోడల్ 300 సార్లు నడపడమే నాకు నమ్మకం. ఎన్ని రన్‌లలో ఫాల్ట్ జారే హద్దు 3.5 దాటిందో చెప్పండి, నిర్ణయం తీసుకునేవాళ్లకు కావలసింది అదే.

పదో మెట్టు: గ్యాస్ పంపడం మొదలయ్యాక

బావిని అప్పుడప్పుడూ కొన్ని రోజులు ఆపి, పీడనం దిగే తీరు కొలవండి. ఆపిన వెంటనే చటుక్కున దిగితే అడ్డంకి బావి గోడ దగ్గరే ఉంది, ఉప్పు కడిగేస్తే పోతుంది. దిగుడు నెమ్మదించి, పై స్థాయిలోనే నిలబడిపోతే దూరంలో గోడలున్నాయి. స్నోవిట్‌లో ఉప్పును కడిగాక కూడా పీడనం పెరుగుతూనే పోయింది, ఇలాంటి కొలతల్లోనే టుబోయెన్ ఇరుకు బయటపడింది. ప్రతి కొలత తర్వాత తొమ్మిదో మెట్టులోని వందల రన్‌లలో ఏవి దానితో కలుస్తున్నాయో చూసి, మిగతావి పక్కన పెట్టండి. మోడల్‌ను ఒక్కటిగా చెక్కి కొలతకు అతికించడం కంటే ఇది నిజాయితీగల పద్ధతి.

జాగా చాలకపోతే మిగిలిన దారులు మూడు: తక్కువ పంపడం, ఇంకో పొరకు మారడం, నీళ్లు తోడేయడం. మూడోది మోడల్‌లో చాలా తేలిక, ప్రవాహానికి మైనస్ గుర్తు పెట్టిన ఇంకో బావి గీస్తే అయిపోయింది. ఆస్ట్రేలియాలోని గోర్గన్ గ్యాస్ ప్రాజెక్టు‌లో 2019లో పంపడం మొదలైంది. నీళ్లు తోడే బావులు అక్కడి ప్రణాళికలో మొదటి నుంచీ ఉన్నాయి. ఆ ఏర్పాటులో ఇసుక చేరి ఇబ్బంది పెట్టింది, గ్యాస్ పంపడం అనుకున్నంత సాగలేదు. తోడే బావిని మోడల్‌లో పెట్టేటప్పుడు, అది ఏడాదిలో కొన్ని నెలలు పనిచేయని రన్ కూడా ఒకటి తీసి పెట్టుకోండి.